కట్టు కట్టాక విరిగిన కాలు

జొన్నలకుదురు ముప్పై పడకల ఆసుపత్రిలో రోగి ఎదురుచూడాల్సిన సమయం తగ్గి తగ్గి సున్నాకి చేరి, అక్కడ కూడా ఆగకుండా ఇంకా కిందికి దిగడంతో, ఆ ఏడు ఎండాకాలం నుంచి జబ్బు రాకముందే వైద్యం జరిగిపోవడం మొదలైంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. మనిషి జబ్బు పడినప్పట్నుంచి వైద్యం అందేదాకా ఎంతసేపు పట్టిందో కొలిచి, దాన్నిబట్టి ఆసుపత్రులకి మార్కులు వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి విడతలోనూ కిందటి విడత కంటే తక్కువ చూపించాలన్నది అందులో ఒక షరతు. సూపరింటెండెంటు డాక్టర్ కృపానందం మంచి సర్జను, పైవాళ్లకి ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. పూటల్లో ఉన్న ఆలస్యాన్ని గంటల్లోకీ, గంటల్లో ఉన్నదాన్ని నిమిషాల్లోకీ దించాడు. చివరికి ఒకనాడు అది సున్నా అయింది. సిబ్బంది మైసూరుపాకు పంచుకున్నారు. ఇక చేయాల్సిందేమీ లేదనుకున్నారు గాని, షరతు షరతే. తర్వాతి విడతలో సున్నా కంటే తక్కువ చూపించాలి. ఆ సోమవారం పొద్దున ఓపీ కంప్యూటరు తెరవగానే, ఇంకా ఆసుపత్రికి రానివాళ్ల పేర్లూ, వాళ్లకి ఇంకా రాని జబ్బులూ వరసగా కనిపించాయి. డ్యూటీ చార్టు ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ అడగనట్టే, ఆ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో కూడా ఎవరూ అడగలేదు. అంబులెన్సు పంపి మనుషుల్ని పిలిపించారు.

జనం తొందరగానే అలవాటు పడ్డారు. నిజం చెప్పాలంటే సుఖపడ్డారు. హైస్కూలు లెక్కల మాస్టారికి ముందుగానే పన్ను పీకేశారు. కొన్నాళ్లకి ఆ పన్నుకి రావలసిన నొప్పి వచ్చి, పన్ను కనిపించక కాసేపు తచ్చాడి వెళ్లిపోయింది. రైసుమిల్లు గుమస్తాకి కనుబొమ్మ మీద కుట్లు వేసి పంపిస్తే, ఆ వారంలోనే వాళ్లింటి కిటికీ రెక్క గాలికి వచ్చి సరిగ్గా ఆ కుట్ల మీదే తగిలింది. చుక్క రక్తం రాలేదు. మలేరియా మాత్రలు మింగిన ఒకాయన, ఆసుపత్రికి మాట రాకూడదని సాయంత్రాలు మురుక్కాలవ గట్టున చొక్కా విప్పి కూర్చునేవాడు. దగ్గుమందు తాగినవాళ్లు దగ్గు కోసం చూసేవాళ్లు. అది వస్తే, వస్తానని చెప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు సంతోషించేవాళ్లు.

ఆసుపత్రి గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతలిపక్కన తిరపతమ్మ పునుగుల బండి ఉండేది. ఆమెకి యాభై దాటాయి. మొగుడు పోయాక మిరపకోతలు మానేసి ఊళ్లోకి వచ్చి ఆ బండి పెట్టుకుంది. పిల్లలు లేరు. పక్కనే షాహిదా పళ్ల బండి. షాహిదా పాతికేళ్ల పిల్ల, మొగుడు లారీ మీద పోతే నెలకొకసారి ముఖం చూపిస్తాడు. ఇద్దరి బండ్లకీ మధ్యన ఒకటే పాత గొడుగు. ఎండ ఎటు తిరిగితే గొడుగు అటు తిరిగేది, ఎవరి వైపు ఎక్కువ నీడ పడిందని ఎవరూ కొలుచుకునేవాళ్లు కాదు. షాహిదా ఆమెని పిన్నీ అని పిలిచేది.

ఒక పొద్దున తిరపతమ్మ పిండి కలుపుతుంటే అంబులెన్సు ఆసుపత్రి గేట్లోంచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, ఆమె బండి ముందు ఆగింది. ఆమెని పడుకోబెట్టుకుని మళ్లీ రోడ్డు దాటింది. నడిచొస్తానని ఆమె చెప్పింది గాని, నడిచొచ్చే కేసుకి వేరే నంబరు ఉంటుందన్నారు.

లోపల సిస్టర్ సువార్తమ్మ ఆమె కుడికాలి కింద దిండు పెట్టింది. సువార్తమ్మ హెడ్ నర్సు. ఆ ఊళ్లో సగంమందికి మొదటి సూది ఆమె చేత్తోనే పడింది.

"నాకేమయింది సిస్టరమ్మా?" అంది తిరపతమ్మ.

"ఇంకా ఏం కాలా. కుడికాలు విరగబోద్ది. మోకాలి కింద."

"ఎట్టా?"

"పడతావంట. కంప్యూటర్లో అంతే ఉంది."

"ఎక్కడ పడతాను? ఎప్పుడు పడతాను?"

డాక్టర్ కృపానందం తడి పిండికట్టు మీద అరచేయి రాస్తూ, "అది మా పరిధిలోది కాదు తిరపతమ్మా. వైద్యం వరకే మా బాధ్యత. పడటం రోగి బాధ్యత," అన్నాడు మెత్తగా.

కట్టు ఆరాక ఆమెని మళ్లీ అంబులెన్సులో రోడ్డు దాటించారు. మధ్యాహ్నానికల్లా స్టూలు మీద కూర్చుని, తెల్లటి కాలు ముందుకి చాపుకుని పునుగులు వేస్తోంది. వచ్చేపోయేవాళ్లు ఆగి, పెళ్లి ముహూర్తం అడిగినట్టు, "ఎప్పుడు పడతన్నావు తిరపతమ్మా?" అని అడిగేవాళ్లు. మొదట్లో ఆమెకి అది బాగానే ఉంది. అన్నేళ్లుగా ఊళ్లో అందరి ఆకలీ ఆమె అడిగింది గాని, ఆమె కాలు గురించి ఎవరూ అడగలేదు. పునుగులు పొట్లం కట్టి ఇస్తూ, "చూడాల, ఈ అమావాస్య దాటనీ," అని గంభీరంగా జవాబు చెప్పేది.

అమావాస్య దాటింది. తర్వాత పున్నమి కూడా దాటింది. తిరపతమ్మ పడలేదు.

పడకూడదని ఆమె పట్టుబట్టిందేమీ లేదు. కాని పడబోతున్నానని తెలిసిన మనిషి అడుగు వేసే తీరు వేరుగా ఉంటుంది. నూనె మూకుడు మోస్తున్నట్టు నడిచేది. గుమ్మం దాటేటప్పుడు రెండు చేతులా పట్టుకునేది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత భద్రంగా ఉంది ఆ రోజుల్లో. దానికితోడు లోపల ఒక భయం కూడా ఉండేది. వాళ్ల అమ్మ కాలు విరిగి మంచాన పడి, మళ్లీ లేవలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, షాహిదాకి తప్ప.

ఇక్కడే చిక్కు వచ్చింది. వైద్యం సకాలంలో అందితే చాలదు, నాణ్యత కూడా చూడాలని పైవాళ్లు ఇంకో కొలత పెట్టారు. చేసిన వైద్యం అవసరమైనదేనా కాదా అన్నది ఆ కొలత. జబ్బు వస్తే అవసరమైనట్టు. రాకపోతే ఆసుపత్రి ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఊరికే కట్టు కట్టినట్టు. జొన్నలకుదురు జనం ఎవరూ మాట తప్పలేదు. ముందుగా మందులిచ్చిన ప్రతివాళ్లూ రావలసిన జబ్బుని రావలసిన వేళకి తెచ్చుకున్నారు. లెక్కలన్నీ మూసి పైకి పంపేశారు. తెరిచి ఉన్న కేసు ఒక్కటే మిగిలింది. కట్టు కోయాల్సిన రోజు దగ్గరికి వస్తోంది, నాణ్యత పరిశీలకులు కూడా ఆ వారంలోనే వస్తున్నారు.

కృపానందం ఒక సాయంత్రం బండి దగ్గరికి వచ్చి నిలబడి పునుగులు తిన్నాడు. రెండోసారి చట్నీ వేయించుకున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నేను తొందర పెట్టడం లేదు తిరపతమ్మా. కాని నీ ఆలోచన ఏంటో తెలుసుకుందామని."

"నాకాలోచన ఏముందయ్యా. పడితే పడతా. కాలు జారాల గదా."

"ప్రయత్నం ఏమన్నా చేస్తున్నావా?"

ఆమె పునుగులు తిరగేసింది. ఆయన సిగ్గుపడ్డాడు. చెడ్డవాడు కాదు. మొదటి ర్యాంకు వస్తే జనరేటరు ఇస్తారు, రెండో సర్జనుని ఇస్తారు, కారిపోతున్న ప్రసూతి వార్డు పైకప్పు బాగు చేస్తారు. ఇవన్నీ ఆమెకి చెప్పాడు. ఆమె అన్నీ విని, నిజమేనంది. పొట్లంలో నాలుగు పునుగులు ఎక్కువ వేసి సువార్తమ్మకివ్వమని పంపింది.

మర్నాటి నుంచి ఊరు తనకి చేతనైన సాయం చేసింది. ఆమె ఇంటి మెట్టు మీద ఎవరో పొద్దున్నే సబ్బునీళ్లు పోసి పోయేవాళ్లు. బండి చుట్టూ అరటితొక్కలు పడి ఉండేవి. కౌన్సిలరు స్వయంగా వచ్చి, దారిలో ఉన్న మ్యాన్‌హోలు మూత పక్కకి జరిపించి వెళ్లాడు. దేనిలోనూ దురుద్దేశం లేదు. ఊరి ఆసుపత్రికి మేలు జరగాలని అందరికీ ఉంది. షాహిదా మాత్రం పొద్దున్నే వచ్చి, తన పళ్ల బండి తొక్కలే అయినా సరే, చీపురుతో అన్నీ ఊడ్చేసేది. మ్యాన్‌హోలు మూత ఇనపరాడ్డుతో మళ్లీ ఈడ్చి మూసింది.

"నీ కాలు పిన్నీ. నీకు ఎప్పుడు పడబుద్దైతే అప్పుడు పడు. ఊరికోసం పడబాక," అనేది.

పరిశీలకులు వచ్చే రోజు షాహిదా బండి దగ్గరికి వచ్చిందే గాని, చీపురు పట్టుకోలేదు. గొడుగు కర్ర పట్టుకుని వంగి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. తిరపతమ్మ నూనెపొయ్యి ఆర్పేసి, కుంటుకుంటూ వచ్చి ఒంటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఎప్పట్నించే?"

"నిన్నట్నించి. బొడ్డు దగ్గర మొదలైంది. ఇప్పుడు ఇదిగో ఈ పక్కకి దిగింది." కుడివైపు పొత్తికడుపు చూపించి, ఆ చెయ్యి అక్కడే ఉంచుకుంది.

తిరపతమ్మకి అర్థమైంది. జొన్నలకుదురులో దాన్ని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. ఆ గంటలు దాటితే లోపల పేగు పగులుతుందనీ, పగిలితే మనిషి దక్కదనీ అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ గంటల్లో చాలాభాగం ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా పండ్లు అమ్ముకుంటూ ఖర్చు పెట్టేసింది.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని రోడ్డు దాటారు. ఒకరు కాలు వంచలేరు, ఇంకొకరు నడుము ఎత్తలేరు. గేటు మీద కొత్త రంగుల్లో, "దయచేసి జబ్బు పడకముందే రండి" అని రాసి ఉంది. వరండాలో మామిడాకులు కడుతున్నారు. బ్యాండువాళ్లు ఒక మూల కూర్చుని సన్నాయిలు తుడుచుకుంటున్నారు.

కౌంటరులో సువార్తమ్మ కంప్యూటరు పైనుంచి కిందికి చూసింది, మళ్లీ కిందినుంచి పైకి చూసింది. "షాహిదా పేరు రాలేదు తిరపతమ్మా."

"పేరెందుకమ్మా, మనిషే వచ్చింది గదా."

"జబ్బు ముందొచ్చేసింది. ఇది ఆలస్యపు కేసు." ఆమె గొంతు తగ్గించింది. "ఈ నెలల్లో జబ్బుతో ఎవర్నీ చేర్చుకోలా. వచ్చినవాళ్లని పక్కూరి బస్సు ఎక్కిస్తన్నాం. ఇయ్యాల పెద్దోళ్లొస్తన్నారు. నేనేం చెయ్యను చెప్పు."

ఆ మాటలంటూనే లేచి వెళ్లి డాక్టరుని పిలుచుకొచ్చింది. కృపానందం ఇస్త్రీ చొక్కా మీద బ్యాడ్జీ పెట్టుకుని వచ్చాడు. షాహిదాని బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు మీద వేళ్లు మెల్లగా నొక్కి టక్కున వదిలాడు. ఆ పిల్ల పళ్లు బిగించింది. ఆయన ముఖంలో చాలాకాలంగా కనబడని ఒక శ్రద్ధ కనిపించింది. జబ్బున్న కడుపు మీద ఆయన చెయ్యి పడి ఎన్ని నెలలైందో ఆయనకే తెలియదు.

"వెంటనే కోయాలి," అన్నాడు. ఆ వెంటనే, "ఇక్కడ కాదు," అన్నాడు.

"పక్కూరిదాకా పోవాలంటే బస్సులో గంట కూర్చోవాల. అంబులెన్సేది?" అంది తిరపతమ్మ.

"పరిశీలకులకి చూపించడానికి జబ్బులేని వాళ్లని తీసుకురావడానికి పోయింది." ఆయన ఆమెని పక్కకి తీసుకెళ్లాడు. తప్పు చేసినవాడిలా కాకుండా, లెక్క అప్పజెప్పేవాడిలా చెప్పాడు. "అందరి లెక్కలూ మూసేశాం తిరపతమ్మా. ఇయ్యాల తెరిచి ఉన్న పుస్తకంలో లెక్కకొచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఈ అమ్మాయిని చేర్చుకుంటే ఈ అమ్మాయి ఒక్కతే ఉంటుంది. జబ్బు నిన్న వచ్చింది, వైద్యం ఇయ్యాల. సరాసరి ప్లస్సులోకి పోతుంది. సున్నా దాటి పైకి పోయిన ఆసుపత్రికి ర్యాంకు ఉండదు. జనరేటరూ లేదు, సర్జనూ లేడు. రేపు వచ్చే వందమంది సంగతి చూడాలి గదా నేను."

తిరపతమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత తన కాలు చూసుకుంది.

"నా కాలు లెక్క మూశారా అయ్యా?"

"ఎట్లా మూస్తాం. నువ్వు పడలేదు గదా."

"పడితే నా కాలు ఎంత మైనస్సు?"

ఆయన ఆలోచించాడు. "వారాల మైనస్సు. ఈ ఆసుపత్రిలో అంత మైనస్సు ఎవరికీ లేదు. కట్టు కట్టి అన్నాళ్లయింది."

"అయితే నా కాలు ఈ పిల్ల నొప్పిని మోస్తదా?"

కృపానందం వేళ్ల మీద లెక్క వేశాడు. "మోస్తుంది," అన్నాడు. "ఇంకా బోలెడు మిగులుతుంది."

"ఇంకేంది మరి. కత్తి తీసుకో. నేను పడతా."

"ముందు నువ్వు పడాలి తిరపతమ్మా. పడ్డాక..."

"ఇదేం మాటయ్యా. వైద్యం ముందు, రోగం తర్వాత. మీ పద్ధతే గదా ఇది. ఊరంతా నమ్మి ఒళ్లు అప్పజెప్పింది. మీరు నన్ను నమ్మలేరా?"

ఉత్తర్వు మొత్తంలో ఎక్కడా దీనికి జవాబు లేదు. కృపానందం బ్యాడ్జీ తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడుచుకుంటూ చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లిపోయాడు. సువార్తమ్మ అప్పటికే షాహిదా గాజులు తీస్తోంది.

లోపల ఎర్రలైటు వెలిగిన చాలాసేపటికి బయట సన్నాయి మోగింది. నాణ్యత పరిశీలకురాలు అపరాజిత కారు దిగింది. నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, కాటన్ చీర, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. ఆమె వెనక ఇద్దరు గుమస్తాలు. దండ వేయబోతే వద్దని, ముందు తెరిచి ఉన్న కేసులు చూస్తానంది. ఆపరేషను గదిలో ఎవరున్నారని అడిగితే, జబ్బున్న మనిషి ఉందని ఒక కాంపౌండరు నిజం చెప్పేశాడు. సన్నాయి ఆగిపోయింది.

"జబ్బు వచ్చాకా చేర్చుకున్నారు?" అంది అపరాజిత.

"వచ్చాకే," అంది తిరపతమ్మ, వరండా స్తంభం పట్టుకుని నిలబడి. "దానికి జమ నేనమ్మా. ఇదిగో కాలు."

అపరాజిత కట్టు మీద వేలితో తట్టి చూసింది. కాగితంలో తేదీ చూసింది. కళ్లజోడు వెనక ఆమె కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. అంత మైనస్సు ఆమె ఏ జిల్లాలోనూ చూడలేదు. "ఇంకా విరగలేదు గదా," అంది.

"ఇప్పుడు విరుగుద్ది."

జనం వెనక్కి జరిగి చోటిచ్చారు. తిరపతమ్మ వరండా పైమెట్టు అంచున నిలబడి, కళ్లు మూసుకుని, తనని తాను వదిలేసింది. ఒళ్లు వదల్లేదు. యాభై ఏళ్లు పడకుండా నిలబడటమే నేర్చుకున్న ఒళ్లు అది. చేతులు వాటంతటవే స్తంభాన్ని పట్టుకున్నాయి. రెండోసారి చేతులు చీరకొంగులో చుట్టుకుని ప్రయత్నించింది. మోకాలు వంగి మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చోవడాన్ని పడటంగా తీసుకోలేమని అపరాజిత మర్యాదగా చెప్పింది. మూడోసారి వెనక్కి తిరిగి నిలబడింది. ఈసారి రైసుమిల్లు గుమస్తా జాలిపడి పట్టుకున్నాడు, అందరూ ఆయన్ని కోప్పడ్డారు.

ఆమెకి కన్నీళ్లొచ్చాయి. నొప్పికి భయపడి కాదు. మాటిచ్చింది, లోపల పిల్ల కడుపు కోసేశారు, తీరా చూస్తే పడటం చేతకావడం లేదు. ఊళ్లో తాగినవాళ్లు పడతారు, పసివాళ్లు పడతారు. తను ఒక్కసారి పడలేకపోతోంది. అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఎట్లా పడిందో ఆమెకి తెలుసు. వాకిట్లో ఎండిన మిరపకాయలు వానకి తడుస్తున్నాయని పరిగెత్తి పడింది.

అప్పుడే ఆపరేషను గది తలుపు తెరుచుకుని సువార్తమ్మ బయటికి వచ్చింది. మూతి గుడ్డ కిందికి లాగి, ఎవరి వైపూ చూడకుండా, "పేగు పగల్లా. పిల్ల కళ్లు తెరిచింది. పిన్ని ఏదని అడుగుతోంది," అంది.

తిరపతమ్మకి కాలు గుర్తులేదు, కట్టు గుర్తులేదు, అపరాజితా గుర్తులేదు. చీరకొంగులోంచి చేతులు లాక్కుని లోపలికి పరిగెత్తింది. గడప ఎత్తుగా ఉంది. కుడికాలు తగిలి, మనిషి మొత్తం గాలిలోకి లేచి, వరండా మొత్తానికి వినపడేలా పడింది. కట్టు లోపల ఎండు కందిపుల్ల విరిగినట్టు ఒక చప్పుడైంది.

అపరాజిత వాచీ చూసుకుని రాసుకుంది. గుమస్తాల్లో చిన్నవాడు ముందుగా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత వరండా అంతా దద్దరిల్లింది. సన్నాయి తనంతట తనే అందుకుంది.

నొప్పి వచ్చింది. అది బాగానే వచ్చింది, అందులో తక్కువేమీ కాలేదు. కాని వచ్చేసరికి ఎముక కదలడానికి చోటు లేదు. కృపానందం కట్టిన కట్టు దాన్ని ఎక్కడిదక్కడ పట్టి ఉంచింది. కింద పడి ఉన్న తిరపతమ్మ గడప మీదుగా లోపలికి చూసింది. స్ట్రెచరు మీద షాహిదా మత్తులోంచి తల తిప్పి, "ఏంది పిన్నీ ఆ చప్పుడు?" అంది.

"ఏం లేదు. పడ్డా," అంది తిరపతమ్మ. చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది.

జొన్నలకుదురుకి రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది. వేగంలోనూ నాణ్యతలోనూ కూడా నూటికి నూరు. జనరేటరు వచ్చింది, రెండో సర్జను వచ్చాడు, ప్రసూతి వార్డు పైకప్పు మీద కొత్త సిమెంటు పడింది. తిరపతమ్మని పూలదండలతో ఓపెన్ జీపులో ఊరేగించారు. పక్కన షాహిదా కడుపు పట్టుకుని కూర్చుంది, నవ్వితే కుట్లు లాగుతున్నాయని నవ్వకుండా ఉండటానికి తంటాలు పడింది. సబ్బునీళ్లు పోసినవాళ్లూ, మ్యాన్‌హోలు మూత తీయించిన కౌన్సిలరూ అందరికంటే ముందు నడిచారు. సెంటర్లో జీపు ఆపి మాట్లాడమంటే, తిరపతమ్మ మైకు పట్టుకుని, "నాకు మాటలు రావు. పిల్ల బతికింది," అని మళ్లీ మైకు ఇచ్చేసింది. ఆ రోజు ఊళ్లో ఆమె కంటే ఎత్తుగా ఎవరూ లేరు.

అపరాజిత ఊరికే వెళ్లిపోలేదు. జొన్నలకుదురులో చూసిన ఏర్పాటు ఆమెకి నచ్చింది. ఆమె రాసిన నివేదిక మీద కొత్త ఉత్తర్వు వచ్చింది: జబ్బుతో వచ్చినవాళ్లని ఇక మీదట ఏ ఆసుపత్రీ వెనక్కి పంపకూడదు, ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. వాళ్లతోపాటు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు వచ్చి, ముందుగా వైద్యం చేయించుకుని, రావలసిన జబ్బుని తర్వాత తెచ్చుకుంటే చాలు. కృపానందం ఆ కాగితం చదివి కళ్లు తుడుచుకున్నాడు. గేటు మీద రాతలు చెరిపించాడు. మళ్లీ జబ్బు మనుషులు వరండాలోకి వచ్చారు, దగ్గులతో, మూలుగులతో, చంకల్లో పిల్లలతో. తలుపులు తెరుచుకున్నాయని జనం పండగ చేసుకున్నారు.

చలికాలం వచ్చేసరికి తిరపతమ్మకి ఆయాసం పట్టుకుంది. పొయ్యి పొగకేమోనని నాలుగు రోజులు ఊరుకుంది. ఐదోనాడు పిండి కలుపుతూ మధ్యలో ఆగి స్టూలు మీద కూలబడితే, షాహిదా త్రాసు దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చింది.

"పద పిన్నీ."

"రేపు పోదాంలే."

"ఇయ్యాలే. నేను వస్తన్నా గదా."

కౌంటరు ముందు వరసలో మనుషులు ఇద్దరిద్దరుగా నిలబడి ఉన్నారు. వాళ్ల వంతు రాగానే సువార్తమ్మ తిరపతమ్మని చూసి పలకరింపుగా తలూపి, కంప్యూటరు వైపు తిరిగి, "తోడు ఎవరొచ్చారు?" అంది.

"నేను," అంది షాహిదా. "నాకేం వచ్చింది చూడండి సిస్టర్."

సువార్తమ్మ చూసింది. "చెయ్యి. మణికట్టు దగ్గర విరుగుద్ది."

"ఏ చెయ్యి?"

"ఎడమ."

షాహిదా ఊపిరి వదిలింది. "నయం. త్రాసు కుడిచేత్తోనే గదా పట్టుకునేది," అని గాజులు తీసి తిరపతమ్మ చేతిలో పెట్టి, ఎడమచెయ్యి చాపింది.

వెనక నిలబడ్డ ముసలాయన ముందుకి వంగి చూసి, "అదృష్టమమ్మా నీది. మావాడికి కళ్లొచ్చినయ్. రెండూ పోతయ్యంట," అన్నాడు. పక్కనున్న కొడుకు సర్లే నాన్నా అన్నట్టు ఆయన భుజం తట్టి, గోడ మీది క్యాలెండరు బొమ్మని శ్రద్ధగా చూడసాగాడు.